వాన గుర్తు వెనక మూడు వేల ఏళ్లు: జపనీస్ వాతావరణ పదాలు, లిపి – ఒక సింహావలోకనం

జపనీస్ మొదలుపెట్టినవాళ్లకి తొలి వారాల్లోనే తగిలే వాక్యం ఒకటుంది: 'క్యో వా ఈ తెన్కి దెసు నె'. ఇవాళ వాతావరణం బాగుంది కదండీ అని. వినడానికి హాయిగా ఉంటుంది, నోరు తిరగడమూ కష్టం కాదు. రాయబోతేనే తంటా.

'క్యో' అంటే ఇవాళ. దాన్ని రెండు చైనా గుర్తులతో, అంటే కాంజీలతో, రాస్తారు. మొదటిదానికి 'ఇప్పుడు' అనీ, రెండోదానికి 'రోజు' అనీ అర్థం. ఉచ్చారణలో ఏ ముక్క ఏ గుర్తుదో విడదీయడం ఎవరివల్లా కాదు. తర్వాత వచ్చే 'వా' అనే ప్రత్యయాన్ని 'హ' అక్షరంతో రాయాలి. 'తెన్కి' చైనా నుంచి వచ్చిన మాట, రెండు కాంజీలు. చివరి 'దెసు నె' మాత్రం హిరగాన అనే ధ్వని అక్షరాల్లో ఉంటుంది. ఇంత చిన్న వాక్యానికి ఇన్ని పద్ధతులేమిటని కొత్త విద్యార్థి విసుక్కుంటే తప్పుపట్టలేం. అయితే వీటిలో ప్రతి చిక్కుకీ ఒక కాలం ఉంది, ఒక కారణం ఉంది. ఆ కాలాలన్నీ ఒకేచోట పొరలు పొరలుగా కనిపించేది వాతావరణ పదాల్లోనే. జోస్యగాడు, భిక్షువు, కవి, ప్రభుత్వ గుమాస్తా, ఫోన్ కంపెనీ ఇంజినీరు, అందరికీ వానతో పనిపడింది మరి.

ఎముకల మీద అడిగిన ప్రశ్న

కథ జపాన్‌లో మొదలవదు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో చైనాను షాంగ్ రాజులు ఏలేవారు. ఇప్పటి ఆన్యాంగ్ దగ్గర వారి రాజధాని. తాబేటి డొప్పలకీ పశువుల భుజం ఎముకలకీ వేడి తగిలించి, పడిన పగుళ్లనుబట్టి జోస్యం చెప్పేవారు. అడిగిన ప్రశ్నను ఆ ఎముక మీదే చెక్కేవారు. యుద్ధం, వేట, పంట, రాణి కాన్పు వంటి వాటితోపాటు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్న ఒకటే: వాన పడుతుందా? చైనా లిపిలో మనకు దొరికిన అతి పాత రాతల్లో ఈ ప్రశ్నలు కొల్లలు. పైన ఒక గీత, కింద రాలే చుక్కలు. అదీ ఆనాటి వాన గుర్తు.

ఇవాళ జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు దిద్దే 'అమె' (వాన) కాంజీ దాని సంతతే. పైన అడ్డగీత, దాని కింద అడుగు లేని చట్రం, నడుమ నిలువుగీత, అటు రెండు చినుకులు, ఇటు రెండు. మొత్తం 8 గీతలు. ఈ ఒక్కటి చేతికి పట్టుబడితే ఒక కుటుంబమే పరిచయమవుతుంది. దాన్ని కొంచెం అణచి నెత్తిన పెట్టి, కింద వేరే భాగం చేరిస్తే మంచు (యుకి), మేఘం (కుమొ), పొగమంచు (కిరి), తెల్లారేసరికి నేల మీద పేరుకునే గడ్డమంచు (షిమొ) వరసగా పుట్టుకొస్తాయి. వాన కింద పొలం గుర్తు పెడితే ఉరుము, 'కమినరి'. ఆ పొలానికి ఒక తోక తగిలిస్తే మెరుపు. 19వ శతాబ్దంలో విద్యుత్తు వచ్చినప్పుడు దానికీ ఈ మెరుపు గుర్తునే వాడుకున్నారు. అందుకే కరెంటు 'దెన్కి', రైలు 'దెన్ష', ఫోను 'దెన్వ', మూడింటి నెత్తినా వాన కురుస్తూనే ఉంటుంది.

అరువు లిపి, సొంత మాట

జపాన్‌వాళ్లకు అమె, యుకి, కజె (గాలి) అన్న మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. లేనిది లిపి. అది కొరియా ద్వీపకల్పం మీదుగా చేరింది. సయితామాలోని ఇనరియామ సమాధిలో దొరికిన కత్తి మీద బంగారు అక్షరాలతో ఉన్న శాసనాన్ని పండితులు ఎక్కువగా 471 నాటిదంటారు. అందులో జపాన్ పేర్లను చైనా గుర్తుల ధ్వనులతో కూడబలికి రాశారు.

ఇక్కడే రెండు దారులు చీలాయి. ఒకటి, గుర్తుని అర్థం కోసం తీసుకుని, చదివేటప్పుడు సొంత మాట పలకడం. వాన గుర్తు చూసి 'అమె' అనడం అలాంటిదే. రెండోది, గుర్తుతోపాటు చైనా ధ్వనినీ తెచ్చుకోవడం. అదే గుర్తు 'ఉర్యో' (వర్షపాతం), 'ఉతెన్' (వాన వాతావరణం) అన్న మాటల్లో 'ఉ' అవుతుంది. సొంత మాటలో కూడా సమాసం వచ్చేసరికి కాస్త మారుతుంది: గొడుగు 'అమగస', వసంతకాలపు వాన 'హరుసమె'. ఒక్క గుర్తుకి నాలుగు ఉచ్చారణలు. పదాన్ని పదంగా నేర్చుకోవాలి తప్ప గుర్తుని విడిగా తీసి బట్టీపడితే లాభం లేదని జపనీస్ చెప్పే టీచర్లు అనేది ఇందుకే.

712లో 'కొజికి', 720లో 'నిహోన్ షొకి' గ్రంథాలు పూర్తయ్యాయి. అదే శతాబ్దంలో సుమారు 4,500 పద్యాల 'మన్యోషూ' సంకలనమైంది. అందులో మంచుని ఒకచోట అర్థాన్నిచ్చే ఒకే గుర్తుతో రాస్తే, ఇంకోచోట 'యు' ధ్వనికొకటి, 'కి' ధ్వనికొకటి, అర్థంతో సంబంధం లేని రెండు గుర్తులతో రాశారు. ఈ ధ్వని గుర్తులే కాలక్రమంలో అరిగి, కరిగి అక్షరాలయ్యాయి. గొలుసుకట్టుగా రాసి రాసి మెత్తబడినవి హిరగాన. చదువుతున్న గ్రంథంలో వరుసల మధ్య గబగబా గుర్తులు వేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు ముక్కలుగా విరిచి వాడుకున్నవి కతకాన.

హిరగానలో 'అమె' రాసి చూడండి. 'అ' అక్షరం శాంతి అనే అర్థమున్న గుర్తు నుంచి వచ్చింది. 'మె' స్త్రీ గుర్తు నుంచి. వానతో రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. కతకాన 'అ'ది ఇంకో వంశం. సంస్కృత 'అ'కారాన్ని రాయడానికి చైనాలోని బౌద్ధ అనువాదకులు వాడిన గుర్తు ఒకటుంది. అమితాభుడి పేరు అమిద అయినప్పుడు మొదట నిలిచింది అదే. దాని ఎడమ భాగమే కతకాన 'అ'.

అ ఇ ఉ ఎ ఒ

తెలుగు విద్యార్థికి ఈ చరిత్రలో సొంతింటి వాసన తగిలేది ఇక్కడే. బోధిసేనుడనే భారతీయ భిక్షువు 736లో జపాన్ చేరాడు. 752లో నారాలోని తోదైజి ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది ఆయనే. 804లో చైనా వెళ్లిన జపాన్ భిక్షువు కూకై అక్కడ భారతీయ పండితుడు ప్రజ్ఞుడి దగ్గర కూడా చదువుకుని, 806లో సంస్కృతం రాసే సిద్ధం లిపిని వెంటబెట్టుకొచ్చాడు. మంత్రాల ఉచ్చారణ చెడకూడదని భిక్షువులు సంస్కృత వర్ణమాల క్రమాన్ని శ్రద్ధగా చదివారు. 11వ శతాబ్దంలో అదే చట్రంలో జపనీస్ అక్షరాలనూ అమర్చారు. 1093లో మ్యోగకు అనే భిక్షువు రాసిన గ్రంథం ఈ చరిత్రలో ఒక మైలురాయి.

ఫలితం అచ్చుల్లో అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల్లో క, స, త, న, హ, మ, య, ర, వ. 'స' ఉన్నచోట ఒకప్పుడు 'చ'కు దగ్గరి ధ్వని ఉండేది. 'హ' ఉన్నచోట 'ప' ఉండేది. వాటిని వెనక్కి మార్చి చదివితే క, చ, త, న, ప, మ, య, ర, వ. పలక మీద దిద్దిన వరసే. చాలాకాలం జపాన్‌లో పిల్లలకు 'ఇరొహ' అనే పద్యం వరసలో అక్షరాలు నేర్పేవారు. 1889–91 మధ్య ఒత్సుకి ఫుమిహికొ 'గెన్కై' నిఘంటువును అ-క-స-త-న క్రమంలో వెలువరించాక ఆధునిక నిఘంటువులకు ఇదే దారి అయింది. కాబట్టి తెలుగువాళ్లు జపనీస్ నిఘంటువులో మాట వెతకడం ఒక్కరోజులో నేర్చుకోవచ్చు.

'ప' జారి 'హ' అయిన సంగతే మొదటి వాక్యంలోని చిక్కునీ విప్పుతుంది. మాట మధ్యలో ఆ ధ్వని ఇంకా మెత్తబడి 'వ' అయింది. పలుకు మారింది, రాత మారలేదు. అందుకే 'వా' ప్రత్యయాన్ని నేటికీ 'హ'తో రాస్తున్నారు. 'క్యో' కూడా ఒకప్పుడు 'కెఫు' అనే రాసేవారు.

కవులు పెంచిన వాన

హైయన్ కాలపు ఆస్థానంలో చైనా రాత మగవాళ్ల విద్య. హిరగానకు 'ఆడవాళ్ల రాత' అని పేరు. క్రీ.శ. 1000 ప్రాంతంలో సేయి షోనగోన్ 'మకుర నొ సోషి' రాసినా, ఆ వెంటనే మురసకి షికిబు 'గెంజి' రాసినా ఆ రాతలోనే. గెంజి 54 అధ్యాయాల్లో 28వ అధ్యాయం పేరు 'నొవకి'. శరదృతువులో పొలాల్ని చీల్చుకుంటూ వచ్చే పెనుగాలి అది. తుఫానుకి ఆ రోజుల్లో ఉన్న మాట.

905 నాటి 'కొకిన్‌షూ' సంకలనం ఋతువులతోనే మొదలవుతుంది. ఆ తర్వాత హైకూ కవుల చేతిలో ప్రతి వానకీ నెల, పేరు ఖరారయ్యాయి. చాంద్రమానం ఐదో నెలలో ఎడతెగని ముసురు 'సమిదరె'. చలికాలం మొదట్లో వచ్చి పోయే జల్లు 'షిగురె'. ప్లమ్ పళ్లు పండే రోజుల వానకాలం 'త్సుయు'. 1694లో కన్నుమూసిన హైకూ కవి బషోకు షిగురె ఎంత ఇష్టమంటే ఆయన వర్ధంతికే 'షిగురె' తిథి అని పేరు పడిపోయింది. ఈ మాటల్ని రాసేటప్పుడు అర్థాన్నిబట్టి గుర్తులు పేర్చారు. సమిదరెకు 'ఐదు, నెల, వాన'. మంచు తుఫాను 'ఫుబుకి'కి 'ఊదడం, మంచు'. మంచు చరియ 'నదరె'కు 'మంచు, కూలడం'. చూస్తే అర్థం తెలుస్తుంది కానీ పలుకు తెలియదు. ప్రభుత్వం విడుదల చేసే నిత్యవ్యవహార కాంజీల జాబితాకు చివర ఇలాంటివాటికోసం విడిగా ఒక పట్టికే ఉంది.

ఉన్న గుర్తులు చాలక జపాన్‌వాళ్లు సొంతంగా చేసుకున్నవీ ఉన్నాయి. గాలి చట్రంలో 'ఆగడం' గుర్తు పెడితే 'నగి', గాలి స్తంభించిన సముద్రం. అదే చట్రంలో చెట్టు పెడితే 'కొగరషి', ఆకులు రాల్చేసే చలిగాలి. వాన కింద 'కింద' అన్న గుర్తు పెడితే 'షిజుకు', జారిపడే బొట్టు. ఇంకొన్నింటికి అర్థమే మారిపోయింది. కొండ కింద గాలి ఉన్న గుర్తుకి చైనాలో కొండల మీది పలచటి ఆవిరి అని అర్థం. జపాన్‌లో అది 'అరషి' అయింది, అంటే గాలివాన.

పంచాంగం నుంచి పోలీసు చౌకీ దాకా

చైనా పంచాంగం ఏడాదిని 24 భాగాలుగా, వాటిని మళ్లీ 72 చిన్న ఋతువులుగా విడగొట్టింది. కాకపోతే అవి చైనా వాతావరణానికి తగ్గవి. 1685లో అమల్లోకి వచ్చిన జోక్యో పంచాంగకర్త షిబుకవ షున్కై వాటిని జపాన్‌కు తగ్గట్టు సవరించాడు. వసంతం మొదలైన నాటినుంచి 88వ రాత్రి అంటే గడ్డమంచు భయం తీరి తేయాకు కోసే సమయం. 210వ రోజు, సుమారు సెప్టెంబరు 1, వరికి గాలివాన గండం. మన కార్తెల్లాగే ఇవీ రైతు వేళ్ల మీద ఉండే లెక్కలు.

1872 డిసెంబరులో ఈ లెక్క ఒక్కసారిగా జరిగిపోయింది. మేజీ ప్రభుత్వం చాంద్రమానాన్ని వదిలి, ఆ ఏడాది పన్నెండో నెల 3వ తేదీనే 1873 జనవరి 1గా ప్రకటించింది. దాంతో 'ఐదో నెల వాన' జూన్‌లోకి వచ్చిపడింది. ముసురు మధ్య ఒక పూట తెరిపిని 'సత్సుకిబరె' అనేవారు. ఇప్పుడు చాలామంది దాన్ని మే నెల నిర్మలమైన ఆకాశానికి వాడుతున్నారు.

1875 జూన్ 1న టోక్యోలో వాతావరణ పరిశీలన కేంద్రం పని మొదలుపెట్టింది. 1883లో జర్మన్ నిపుణుడు ఎర్విన్ క్నిప్పింగ్ సాయంతో వాతావరణ పటాలు వచ్చాయి. 1884 జూన్ 1న తొలి వాతావరణ సూచన వెలువడింది. దేశం మొత్తానికి కలిపి ఒకే సూచన: గాలికి స్థిరమైన దిశ లేదు, వాతావరణం మారుతూ ఉంటుంది, వాన మొగ్గు ఎక్కువ. టోక్యో పోలీసు చౌకీల దగ్గర దాన్ని అంటించారు. కాంజీ, కతకాన కలిపి రాశారు. ప్రభుత్వ రాత అప్పట్లో అలాగే ఉండేది. కవులు వందల ఏళ్లు పెంచిన సొంత మాటల్ని పక్కనపెట్టి, 'ఉతెన్' వంటి చైనా మూసలోని గట్టి మాటలు ఆఫీసు భాష అయ్యాయి. నొవకి స్థానంలోకి 'తైఫూ' వచ్చింది. మేజీ కాలం చివర్లో వాతావరణ శాస్త్రవేత్త ఒకద తకెమత్సు దాన్ని స్థిరపరిచారంటారు. నత్సుమె సోసెకి 1906లో 'నిహ్యకు తోక' (210వ రోజు), 1907లో 'నొవకి' నవలలు రాసేసరికి ఆ పాత మాటలు సాహిత్యంలోకి సర్దుకుంటున్నాయి. వాడుక భాషలో ఆధునిక నవలకు దారి వేసిన ఫుతబతెయి షిమెయి రచన (1887–89) పేరు కూడా 'ఉకిగుమొ', తేలిపోయే మేఘం. గిడుగువారి ఉద్యమానికి సుమారు రెండు దశాబ్దాల ముందు మాట అది.

మౌనం, ఆపైన కోత

1925లో రేడియో వచ్చిన తొలిరోజుల్లోనే వాతావరణం చదవడం మొదలైంది. 1941 డిసెంబరు 8న, జపాన్ పసిఫిక్ యుద్ధంలోకి దిగిన రోజున, ఆగిపోయింది. శత్రువుకి ఉపయోగపడుతుందని సైన్యం వాతావరణాన్ని రహస్యం చేసేసింది. 1945 ఆగస్టు 22న మళ్లీ వినిపించింది. యుద్ధం చిన్నాభిన్నం చేసిన యంత్రాంగం ఇంకా తేరుకోకముందే సెప్టెంబరు 17న మకురజకి తైఫూ విరుచుకుపడి 3,000 మందికి పైగా పొట్టనబెట్టుకుంది. అణుబాంబు పడి నెలన్నరైనా కాని హిరోషిమాలోనే నష్టం ఎక్కువ.

1946 నవంబరులో ప్రభుత్వం కాంజీలను 1,850కి కుదించింది, అక్షరాల రాతను పలుకుకు దగ్గర చేసింది. 'కెఫు' పోయి 'క్యో' వచ్చింది. అలవాటు బలీయం కాబట్టి 'వా' వంటి మూడు ప్రత్యయాలను మాత్రం ముట్టుకోలేదు. తెన్కిలోని 'కి' గుర్తు లోపల వరి గింజల గుర్తు ఉండేది. దాని బదులు ఒక ఇంటూ గీత మిగిలింది. తైఫూలోని మొదటి గుర్తుకి గాలి భాగం ఉండేది. అది పోయి, పీట అని అర్థమొచ్చే తేలికైన గుర్తు కూర్చుంది. ఇవాళ తైఫూ గుర్తుల్ని అక్షరాలా చదివితే 'పీటగాలి' అని వచ్చేది అందుకే. అరషి, నిజి (ఇంద్రధనుస్సు) గుర్తులకు అధికారిక జాబితాలో చోటు దొరకడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదితో జాబితా 2,136కి చేరింది.

కాంజీలు పూర్తిగా ఎత్తేయాలన్న వాదం 1866లో మయెజిమ హిసొక అర్జీ నాటినుంచీ ఉంది. దాని ఊపు తగ్గించినవాటిలో యంత్రం ఒకటి. 1978లో తోషిబా ప్రకటించిన జేడబ్ల్యూ-10 వర్డ్ ప్రాసెసర్‌లో అక్షరాలు కొడితే కాంజీగా మారేది. ఇప్పుడు ఫోన్‌లో 'అమె' అని కొడితే వాన, మిఠాయి రెండూ వరసలో కనిపిస్తాయి. పలుకులో స్వరం తేడా తప్ప రెండూ ఒకటే. 1999లో ఎన్‌టీటీ డొకోమో కంపెనీ ఐ-మోడ్ ఫోన్ సేవ కోసం కురిత షిగెతక తయారుచేసిన 176 బొమ్మల్లో ఎండ, మబ్బు, గొడుగు, మెరుపు, మంచుబొమ్మ, సుడిగాలి ఉన్నాయి. మూడు వేల ఏళ్ల పాటు బొమ్మ అక్షరమైతే, అక్షరం విసుగెత్తి మళ్లీ బొమ్మయింది.

నేటి పాఠం

టీవీ సూచన భాష కొత్తవాళ్లకు మంచి పాఠ్యపుస్తకం. 'హరె నొచి కుమొరి' అంటే ఎండ, తర్వాత మబ్బు. 'ఇచిజి అమె' అంటే సూచన కాలంలో పావు వంతుకి తక్కువసేపు, ఆగకుండా వాన. 'తొకిదొకి అమె' అంటే ఆగి ఆగి, మొత్తం కలిపి సగానికి లోపు. వాడుక మాటలకు వాతావరణ సంస్థ ఇంత కచ్చితమైన కొలతలు పెట్టింది. 2007 నుంచి 35 డిగ్రీలు, ఆపైన నమోదైన రోజు 'మోషొబి'. అలాగని కవుల వారసత్వం చచ్చిపోలేదు, చప్పుడును అనుకరించే మాటల్లో బతికే ఉంది. జాలువారే వాన 'షితొషితొ', కుండపోత 'జాజా', ఉరుము 'గొరొగొరొ', మెరుపు 'పిక'. పికాచు పేరులో ఉన్నది ఆ మెరుపే.

కానీ గట్టి మాటలకు ఒక ఖరీదు ఉంది. వరసగా పుట్టే వానమేఘాల పట్టీని 'సెంజో కోసుయితై' అంటారు. ఐదు కాంజీలూ చైనా పలుకే. 2014 హిరోషిమా కొండచరియల విలయం తర్వాత ఈ మాట జనంలోకి వచ్చింది, 2021 నుంచి అధికారిక ప్రకటనలు వస్తున్నాయి. వృద్ధులకీ విదేశీయులకీ ఇలాంటివి చప్పున అర్థం కావు. 1995 కోబె భూకంపంలో భాష రాక విదేశీయులు పడిన అవస్థ తర్వాతే 'యసషీ నిహొంగొ', తేలిక జపనీస్, ఉద్యమంగా మొదలైంది. వరద, కొండచరియల హెచ్చరికల విషయంలో ప్రభుత్వమూ 2019లో మెట్టు దిగి, 1 నుంచి 5 వరకు స్థాయి అంకెలు, రంగులు పెట్టింది. 4 వస్తే ప్రమాదమున్న చోటునుంచి అందరూ కదలాలి. 5 వచ్చేసరికి ఆలస్యమైపోయినట్టే. విశాఖ, మచిలీపట్నం రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు వింటూ పెరిగినవాళ్లకి దీని విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్ జపాన్ సహాయంతో ఎదిగింది. శ్రీసిటీలో ఇసుజు వంటి సంస్థలు పనిచేస్తున్నాయి. ఈ దారుల్లో జపనీస్ మొదలుపెట్టే తెలుగువాళ్లు తొలి స్థాయి ఎన్5 పరీక్ష కోసం అమె, యుకి, కజె నేర్చుకుంటారు. సరైన పనే. సొంత మాటలతో మొదలెట్టి, వాన కుటుంబం గుర్తులకు వచ్చి, ఆ తర్వాత జంట కాంజీల జోలికి పోతే చరిత్ర నడిచిన దారినే నడిచినట్టు, తికమక తక్కువ. అయితే విమానం ఎక్కేముందు ఆ వరస దాటి నాలుగు మాటలు ముందుగా పట్టుకోవాలి: 'కెయిహో' (హెచ్చరిక), 'కోజుయి' (వరద), 'దొష సైగై' (కొండచరియల విపత్తు), 'హినన్' (సురక్షిత చోటికి తరలడం). షిగురెకూ హరుసమెకూ తేడా నిదానంగా తెలిసినా ఫర్వాలేదు. అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు తెర మీద కనిపించే 'హినన్' గుర్తులు రెండింటినీ మాత్రం చూడగానే పోల్చుకోవాలి.